సింహాద్రి బావ కొట్టిన బానెట్

పుష్య బహుళ తదియ, మంగళవారం. స్వర్ణరేఖ ఒడ్డు, శ్మశానఘాట్. హాజరైనవారు: సింహాద్రి బావ కుమారుడు రమణ, ఫ్యాబ్రికేషన్ షాపులో ఆయనతో కలిసి పనిచేసిన తివారీ గారు, సోనారిలో పక్కింటి మహంతి గారు, మన తెలుగు సంఘం కార్యదర్శి, మరికొందరు పెద్దలు, నేను. ఉదయం నుంచీ పొగమంచు. నది కనబడలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వినబడింది.

ఆ రోజు నా డైరీలో ఇంతవరకే ఉంది. టాటానగర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో పనిచేసినప్పటి నుంచీ నాకొక పద్ధతి. ముందు తేదీ, తరవాత ఎవరెవరున్నారు, ఆ తరవాతే జరిగిన సంగతి. ఆ పేజీలో సంగతి రాయడానికి చెయ్యి సాగలేదు. సంఘం పత్రికకి నాలుగు మాటలు రాసిమ్మని కార్యదర్శి అడిగారు గనక ఇప్పుడు రాస్తున్నాను.

సింహాద్రి బావ మరణవార్త మా పెద్దక్క నర్సమ్మ ఫోనులో చెప్పింది. ఏడవలేదు. "ఒరే తమ్ముడా, మీ బావ లెగడం లేదురా. షెడ్డులో స్టూలు మీద కూకున్నోడు కూకున్నట్టే ఉన్నాడు. టీ గలాసు అందిత్తే అందుకోలేదు," అంది. నేను స్వెటరు తిరగేసి వేసుకుని ఆటో ఎక్కానని సోనారి చేరాక ఎవరో చెబితే తెలిసింది. అప్పటికి మహంతి గారు, రమణ కలిసి ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. ముందురోజు సాయంత్రం నాతో ఫోనులో గట్టిగా వాదించిన మనిషి. చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే ఆముదం రాసుకోమన్నాను. నువ్వు డాక్టరువా, పార్సిల్ బాబువా అని అడిగారు. అదే ఆఖరి మాట.

బావది ఇచ్ఛాపురం పక్కన చిన్న పల్లె. చిన్నతనంలోనే ఈ ఊరు వచ్చి, ఉక్కు కంపెనీలో రేకు పని నేర్చుకుని, అక్కడే రిటైరై సోనారిలో ఇల్లు కట్టుకున్నారు. మన తెలుగువాళ్ళలో ఆయన ఇంటిపేరు తెలియనివారు కూడా 'బానెట్ సింహాద్రి' అంటే గుర్తుపడతారు. పాత అంబాసడర్ కారుకి ఇంటి షెడ్డులో స్వహస్తాలతో బానెట్ కొట్టుకున్న మనిషి ఆయన. దాని నడుమ గాలి పీల్చుకునే ఎత్తయిన బుర్ర, రెండు పక్కలా వేడి బయటికి పోవడానికి వరస చీలికలు. ఆ చీలికల్ని ఆయన మొప్పలనేవారు. ఎందుకివన్నీ అంటే "ఇంజనుకి ఊపిరాడద్దేటి?" అని ఎదురడిగేవారు.

ఆ బానెట్ గురించే రమణ నన్ను ఘాట్ దగ్గర అడిగాడు. చితి అంటించి, నదిలో మునిగి, తడిబట్టలతో వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వాడు ఒక ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగి. మనం తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబు చెప్పే తరం. "మావయ్యా, ఉస్ మే పుట్టీ మైనే లగ్వాయీ థీ," అన్నాడు. నాకు అర్థం కాలేదేమోనని కాబోలు తెలుగులో అన్నాడు. "ఆ బానెట్‌కి పుట్టీ నేనే పెట్టించాను. నాన్నకి తెలుసా?"

రేకు మీద పల్లం పడితే సుత్తితో సరిచెయ్యడం కష్టమైన పని. అందుకని పైన పుట్టీ పులిమి, ఆరాక అరగదీసి, రంగు కొట్టేస్తారు. అన్ని గ్యారేజీల్లోనూ జరిగేదే, ఎవరూ తప్పుపట్టరు. బావకి మాత్రం అది సహించరాని సంగతి. తన బానెట్‌లో చిటికెడు పుట్టీ లేదన్నది ఆయన గర్వం. దాన్ని చూడవచ్చిన ప్రతివారికీ మంచినీళ్ళకంటే ముందు ఆ మాట చెప్పేవారు. అందులో కన్నకొడుకే పుట్టీ పెట్టించాడు. ఆ సంగతి తెలిసి పోయారా, తెలియకుండా పోయారా అన్నది ఇప్పుడు వాడి బాధ.

నాకు జవాబు తెలుసు. చెప్పనని బావకి మాట ఇచ్చి ఉన్నాను. "ముందు ఇంటికి పద," అన్నాను.

ఆ కారు అగ్రికో కాలనీలో ఒక డాక్టరు గారిది. ఆయన కుటుంబం ఊరు విడిచి వెళ్తూ ఇస్తే, రిటైరైన కొత్తలో బావ తీసుకున్నారు. ఇంజను బాగానే ఉంది. బానెట్ మాత్రం తుప్పు పట్టి, వేలితో పొడిస్తే వేలు లోపలికి పోయేది. సాక్చీ బజార్లో పాతది దొరుకుతుంది, తెచ్చి బిగించుకోమన్నాను.

"దర్జీవోడు రెడీమేడ్ సొక్కా ఏసుకుని బజార్లో తిరుగుతాడేటి?"

"తిరుగుతారు బావా, చాలామంది."

"ఆళ్ళు దర్జీలు కారు. బొత్తాలు కుట్టుకునేవోళ్ళు."

మొదటి ప్రయత్నం ఘోరంగా దెబ్బతింది. బతుకంతా మందపాటి ప్లేట్లు వంచిన మనిషికి కారు రేకు కంటికి ఆనలేదు. దుకాణంలో దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి, "ఇది రేకా, అప్పడమా? నూనిలో ఏపాలా?" అని అడిగారు. ఆ దుకాణదారు పంజాబీ. ఆయనకి తెలుగు రాదు గనక గొడవ కాలేదు. బావ తన మనసుకి తగిన మందం రేకు తెచ్చి ఎన్నో నెలలు కొట్టారు. బిగించిన రోజు మూత పైకెత్తి వదిలితే, స్ప్రింగులు మోయలేక మూలుగుతూ అది తనంతట తానే కిందికి దిగింది. కారు ముక్కు నేలకి వంగింది. అక్క గుమ్మంలో నిలబడి చూసి, "ఇంజనాయిల్ సూడాలంటే ఈదిలో మగోళ్ళందరినీ పిలవాల. పెళ్ళి పందిరి ఎత్తడానికి పిలిసినట్టు," అంది. ఆ పూట ఆయన అన్నం తినలేదు. మర్నాడు ఆ మాట ఆయనే ఊరంతా చెప్పుకుని నవ్వారు. మన కంపెనీ మనుషులు తప్ప ఇంకెవరూ అలాంటి పొరపాటు చెయ్యరనుకుంటాను. ఆ బానెట్ వాళ్ళ పెరట్లో నీళ్ళ తొట్టికి మూతగా మిగిలింది. గాలివానకి ఎన్ని రేకులెగిరినా అది కదల్లేదు.

రెండోది అప్పడం రేకుతోనే మొదలుపెట్టారు. ఇసుక సంచి మీద రేకు పరిచి చెక్క సుత్తితో కొడుతూ వంపు తెచ్చేవారు. తరవాత అడుగున ఇనుప దిమ్మ ఆనించి, పైన సన్న సుత్తితో సమం చేసేవారు. కాసేపు కొట్టడం, ఆగి నిమరడం. అక్క కట్టి విడిచిన నూలుచీర ముక్క అరచేతి కింద పెట్టుకుని, పసిబిడ్డ వీపు నిమిరినట్టు రేకు మీద చెయ్యి జార్చేవారు. ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో ఆ గుడ్డ లోంచి ఆయనకి తెలిసేది. "కళ్ళకి ఎలుతురు కావాల, కళ్ళజోడు కావాల. సేతికి ఏటీ అక్కర్లేదు," అనేవారు. ఈ అలవాటు షెడ్డుతో ఆగలేదు. పెళ్ళి భోజనాల్లో స్టీలు పళ్ళెం తిరగేసి నిమిరేవారు. వడ్డించేవాడు గరిటెతో అలా నిలబడిపోయేవాడు.

చొక్కా జేబులో దారం కట్టిన చిన్న అయస్కాంతం ఒకటి ఉండేది. పాత రేడియోలోంచి ఊడదీసింది. పైన రంగు ఎంత మెరిసినా, లోపల రేకుంటే అయస్కాంతం అతుక్కుంటుంది. పుట్టీ ఉంటే జారిపోతుంది. బర్మామైన్స్‌లో మా వీధిలో ఒక పెళ్ళికి వచ్చినప్పుడు పెళ్ళికొడుకు మేనమామ తన కారుకి ఒక్క గీతైనా పడలేదని అందరికీ చెబుతున్నాడు. బావ మెల్లగా వెళ్ళి పూలదండ పక్కకి జరిపి కారు తలుపు మీద అయస్కాంతం ఆనించారు. అది జారింది. ఇంకోచోట ఆనించారు. జారింది. ఆ మేనమామ మొహం మాడిపోయింది. అక్క వచ్చి బావ మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్తూ, "అచ్చింతలు ఏత్తానని వచ్చి అయస్కాంతం ఏత్తావేటి? ముందు బూందీ తిని ఇంటికి నడు," అంది. బావ వెళ్తూ వెళ్తూ అతనితో "తలుపు మార్పించుకో బాబూ, లోపల తుప్పు తింటంది," అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అతను మాత్రం తరవాత ఆ వీధికి రాలేదు.

సంస్మరణలో మంచి మాత్రమే రాయాలనే ఆచారం నాకు పట్టదు. బావ మాట కరుకు. ఆ కరుకుతనం ఎక్కువగా పడింది రమణ మీద. వాడు గైడు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటే "అయి పుట్టీ మార్కులు" అన్నారు. బ్యాంకు ఉద్యోగం వచ్చి, టై కట్టుకుని దండం పెట్టడానికి వస్తే, టై కొస పట్టుకుని చూసి "ఇదీ పుట్టీయే" అన్నారు. అందరం నవ్వాం. వాడు నవ్వలేదు. చిన్నప్పుడు వాడు షెడ్డులో సుత్తి పట్టేవాడు. కొట్టిన ప్రతి ముక్కనీ బావ నిమిరి "మళ్ళీ" అనేవారు. బాగా కుదిరినా "మళ్ళీ" అనేవారు. ఒకరోజు సుత్తి కిందపెట్టి బయటికి వెళ్ళినవాడు మరి దాన్ని ముట్టుకోలేదు. ఇదంతా బావకి తెలియదని నేననుకోను.

రెండో బానెట్ పూర్తికావస్తున్న రోజుల్లో ఆయన కళ్ళు పోవడం మొదలైంది. నీటికాసులన్నారు డాక్టర్లు. ఇంక మంట చూడొద్దు, వెల్డింగ్ జోలికి పోవద్దన్నారు. బావ వినలేదు. గాలిబుర్రని బానెట్‌కి అతికి, దాని అడుగున బలానికి పెట్టే పట్టీ కూడా అతికేశారు. మామూలుగా అయితే అతుకు వేడికి లాక్కున్న రేకుని ముందు సమం చేసుకుని, ఆ తరవాత పట్టీ వేస్తారు. కళ్ళు పూర్తిగా మసకబారేలోపు పని తేల్చాలన్న తొందరలో ఆయన వరస తప్పారు. తరవాత నిమిరితే బుర్ర మొదట్లో, ఎడంపక్క, పల్లం తగిలింది. కింద నుంచి కొట్టాలంటే పట్టీ అడ్డం. పట్టీ కొయ్యాలంటే మళ్ళీ మంట.

సుద్దముక్కతో ఆ చోటు చుట్టూ గుండ్రంగా గీశారు. రోజూ వెళ్ళి ఆ గీత లోపల నిమిరేవారు. మేం చూస్తే ఏమీ కనబడేది కాదు. "ఉంది," అనేవారు. "పట్టీ కోసేత్తాను. మళ్ళీ మొదలెడతాను." తిండి తగ్గింది. రమణ ఒకరోజు కేకలేశాడు. "బస్ కరో నాన్నా. అంధా హోనా హై క్యా?" ఇంక చాలు, గుడ్డివాడివైపోతావా అని. బావ వాడి వైపు తిరగకుండా "మంట ఎలిగించడం నీకు సేతకాదు, నన్ను ఎలిగించనివ్వు," అన్నారు.

విశ్వకర్మ పూజ దగ్గరపడింది. కళ్ళ పరీక్షలకని ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారు. తిరిగి వచ్చేసరికి బానెట్ ముదురాకుపచ్చ రంగుతో మెరుస్తూ కారుకి బిగించి ఉంది. రంగు వేయించానని రమణ చెప్పాడు. పట్టీ కోయించి పల్లం తీయించానని కూడా చెప్పాడు.

ఈ ఊళ్ళో ఆ పండగ ఎలా జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందు పరిస్తే, మర్నాటిదాకా వాటిని కదపకూడదు. బావ సుత్తులతోపాటు జేబులోని అయస్కాంతాన్ని కూడా పీట మీద పెట్టారు. హారతి అయ్యాక కారు దగ్గరికి వెళ్ళి బానెట్ మీద చెయ్యి వేశారు. బుర్ర మొదట్లో ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ సాగింది. "రంగు బాగేయించినావురా," అన్నారు. రమణ మొహం విప్పారింది. తండ్రి నోట 'మళ్ళీ' అన్నమాట రాకపోవడం వాడికి అదే మొదలు.

మర్నాడు నేను ప్రసాదం గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళాను. రమణ బ్యాంకుకి వెళ్ళిపోయాడు. బావ పీట మీంచి అయస్కాంతం తీసుకుని, తడుముకుంటూ కారు దగ్గరికి నడిచారు. బుర్ర మీద ఆనించారు. టక్కున అతుక్కుంది. మొప్పల దగ్గర అతుక్కుంది. ఎడంపక్క మొదట్లో ఆనించారు. నిలవలేదు. జారి దారం కొసన వేలాడింది.

మళ్ళీ ఆనించారు. మళ్ళీ జారింది.

"బామ్మర్దీ."

"ఊఁ."

"ఆడికి సెప్పకు."

"ఏటని?"

"నాకు తెలిసిపోనాదని." దారం వేలికి చుట్టుకుంటూ అన్నారు. "శెలవెట్టినాడు. బానెట్ మోయడానికి టెంపో మాటాడినాడు. నాను సంతోసపడతానని సేసినాడు. పట్టీ కోసే కళ్ళు నాకింక రావురా. ఆ సంగతి నాకంటే ముందు ఆడికే తెలిసింది."

"మరి పుట్టీ?"

"ఉండనీ."

ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో మీలో ఆయన్ని ఎరిగినవారు ఊహించుకోగలరు. ఎవరికీ చెప్పనని నేను మాట ఇచ్చాను. ఆ తరవాత బానెట్ చూడవచ్చినవాళ్ళకి "మావోడే రంగేయించినాడు" అని చెప్పేవారు. "ఇందులో పుట్టీ లేదు" అన్న మాట మాత్రం మళ్ళీ అనలేదు. అబద్ధం ఆయనకి రాదు. ఎవరైనా తరచి అడిగితే టీ తాగమనేవారు. ఆదివారాలు రమణ కారు తీసి ఏరోడ్రోమ్ రోడ్డు మీద తిప్పేవాడు. బావ ముందు సీట్లో కూర్చుని, అద్దం అవతల ఆకుపచ్చగా మసకగా కనబడే దాన్ని చూస్తూ ఉండేవారు.

ఘాట్ నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, వరండాలో రమణకి ఇదంతా చెప్పేశాను. మాట తప్పాను. బావ ఉండి ఉంటే నన్ను ఏ పేరు పెట్టి తిట్టేవారో నాకు తెలుసు. కాని ఘాట్‌లో ఆ కుర్రవాడు అడిగిన తీరు చూశాక దాచి ఉంచడం నావల్ల కాలేదు.

"కబ్ సే?" అన్నాడు. ఎప్పట్నుంచి అని.

"పూజ మర్నాటి నుంచి."

"ప్రతి ఆదివారం పక్కనే కూర్చునేవాడు మావయ్యా. ఏమైనా అంటాడేమోనని చూసేవాణ్ణి. చిన్నప్పుడు అన్నీ మళ్ళీ చెయ్యమన్నాడు. ఇదొక్కటే వదిలేశాడు."

"నీమీద ప్రేమతోరా."

"పతా హై," అన్నాడు. తెలుసులే అన్నట్టు. "తిట్టి ఉంటే బాగుండేది."

చెప్పి మేలు చేశానో కీడు చేశానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పని విషయంలో రాజీ ఎరగని మనిషిగా సింహాద్రి బావని ఈ ఊరు గుర్తుపెట్టుకుంటుంది. నేను మాత్రం, ఒక్కసారి రాజీపడి, ఆ బరువు ఎవరికీ చెప్పకుండా మోసిన మనిషిగా ఆయనకి నమస్కరిస్తున్నాను. పండగలకి అక్క ఇంటికి వెళ్తే షెడ్డులోంచి వినబడే ఆ సుత్తి చప్పుడు, మధ్యమధ్య ఆగే ఆ నిశ్శబ్దం, రెండూ ఇంక లేవు. చప్పుడు ఎవరైనా చెయ్యగలరు. ఆ నిశ్శబ్దంలో ఆయన చేసే పని ఎవరికీ రాదు. ఆయన ఆత్మకి శాంతి కలగాలి. మా అక్కకి ఆ శూన్యాన్ని భరించే శక్తి కలగాలి.

ఇంకొక్క సంగతి. దహనం జరిగిన మర్నాడు ఉదయం అస్థికలకి వెళ్ళాలి. నేను సోనారి చేరేసరికి రమణ షెడ్డులో ఉన్నాడు. కర్త పంచె, భుజాన తుండు, చేతిలో ఎమరీ పేపరు. బుర్ర ఎడంపక్కన రంగు పోయి, కింద పుట్టీ కూడా అరిగి, నేలంతా తెల్లటి పొడి. గ్యారేజీవాడు మందంగానే పులిమినట్టున్నాడు. అక్క గుమ్మంలో ఉంది.

"కర్మ సేసేవోడు పనిముట్టు ముట్టకూడదని సెప్పినాను. ఇంటేనా?" అంది నాతో.

"కాగితమే కదా అమ్మా," అన్నాడు వాడు తలెత్తకుండా.

రేకు పూర్తిగా బయటపడింది. వాడు తుండుతో తుడిచి, తండ్రి వాడే నూలు ముక్క అరచేతి కింద పెట్టుకుని నిమిరాడు. మళ్ళీ నిమిరాడు. సుద్ద గీత ఎప్పుడో చెరిగిపోయింది.

"ఎక్కడ మావయ్యా?"

"అక్కడే. బుర్ర మొదట్లో."

"నాకు తగలడం లేదు."

నేనూ చెయ్యి వేశాను. చల్లటి రేకు, అంతటా ఒకటే నునుపు. అక్క వచ్చి నిమిరి, "నున్నగానే ఉందిరా. దీనికోసమేనా ఆ మనిసి కూడు మానేసినాడు?" అంది. ఘాట్‌కి మాతో రావడానికి వచ్చిన తివారీ గారిని పిలిచాం. ఆయనా బతుకంతా రేకు కొట్టిన మనిషే. కళ్ళు మూసుకుని, ఎంతో నెమ్మదిగా, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు చెయ్యి జార్చారు. తల అడ్డంగా ఊపారు.

"హోగా," అన్నారు. "సింహాద్రి బోలా థా, తో హోగా." అతను ఉందన్నాడంటే ఉండే ఉంటుంది.

బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. రమణ ఇంకా ఆ చోట వెతుకుతూనే ఉన్నాడు.